మూడు వేళ్ళు

నెల మొదటి వారంలో నేను కొండెక్కుతాను.
మొక్కేం లేదు.
మెడలో మిషను, చంకలో బిల్లుల కాగితపు చుట్ట,
జేబులో రెండు నిమ్మతొనల బిళ్ళలు.
మొగల్రాజపురం గుహలు దాటి, ఇస్త్రీ బండి పక్క సందులో
మెట్లు మొదలు.
మెట్లంటే మెట్లు కావు:
ఒకటి మోకాలంత, ఒకటి బెత్తెడు,
ఒకటి ఎవరిదో పగిలిన రుబ్బురోలు, బోర్లించింది.
మొత్తం మూడొందల పన్నెండు.
పదకొండేళ్ళుగా లెక్క తప్పలేదు.

మా బావమరిది కేదారం వెళ్ళొచ్చి
ఫోనులో మంచు చూపించాడు.
తెల్లగా ఉంది. బాగానే ఉంది.
నాకు కొండంటే
మే నెల పగలంతా ఎండ తాగి
రాత్రి పదైనా దిగమింగుకోలేని రాయి,
దానిమీద తడిగుడ్డ పరిస్తే చుయ్‌మనే చప్పుడు,
రేకుల కప్పు మీదికి వంగిన సీతాఫలం కొమ్మ,
బిందె దించి, అలుపు తీరక
మాట సగంలో ఆపే ఆడవాళ్ళు.
కొండకి నేనంటే ఏమిటో తెలీదు.
అడిగే చనువు ఇంకా రాలేదు.

నూట నలభై ఆరో మెట్టు దగ్గర సువార్తమ్మ ఇల్లు.
గోడలు మూడే. నాలుగోది కొండ.
చూలు గేదె డొక్కలా
వంటింట్లోకి పొడుచుకొచ్చిన బండ.
క్రిస్మస్‌కి దానికీ సున్నం వేస్తుంది.
మేకు దిగదని, కేలెండరు
మైదాపిండి ఉడికించి అంటించింది.
"రాత్రిళ్ళు చెవి ఆనించి విను, లోపల నీళ్ళు నడుస్తాయి" అంది ఓసారి.
పట్టపగలే ఆనించాను.
పాత మీటరు చక్రమో, మెట్లెక్కొచ్చిన నా నెత్తురో,
ఏదో నడిచింది.

మొన్న శ్రావణంలో నాలుగు రోజులు వాన వదల్లేదు.
మైకు కట్టిన ఆటో కింద సందులో తిరిగింది,
కొండవాలు ఇళ్ళు ఖాళీ చెయ్యమని.
స్కూలు వరండాలో పులిహోర పొట్లాలు, తడిసిన పక్కబట్టలు.
సువార్తమ్మ కుట్టుమిషను తలకాయ మోసుకుని దిగింది.
ఒక్క రాత్రి ఉంది.
తెల్లారి, దాన్ని మళ్ళీ మోసుకుని ఎక్కేసింది.

నేను వెళ్ళేసరికి వంటగట్టు చీలి ఉంది.
కేలెండరు నిలువునా చిరిగి
ఆదివారాలు ఒక పక్క, మిగతా బతుకంతా ఒక పక్క.
బండ ఇదివరకు ఎక్కడుండేదో
గచ్చు మీద బొగ్గుతో గీత గీసిందామె.
గీత మీద వేళ్ళు పెట్టి చూపించింది.
"మూడు."
"భయం లేదా అమ్మా?"
"ఈ ఇల్లు కట్టేటప్పుడు మా ఆయన
గునపంతో జానెడున్నర తొలిచాడు దీన్ని.
మూడు వేళ్ళేగా వెనక్కి తీసుకుంది."
అని, పొయ్యి ఇటు జరుపుకుంది.

రీడింగు తీశాను. నాలుగు వేల రెండొందల ఏడు.
బయటికొస్తే పడమట వాన కడిగిన కొండపల్లి వరస,
నీలిమందు నీళ్ళు జాడించేకొద్దీ పలచబడ్డట్టు
ఒకదాని వెనక ఒకటి.
ఏటికవతల ఉండవల్లి. ఇంకా అవతల, పొగలో, మంగళగిరి.
బిల్లు చింపి ఇవ్వడం మర్చిపోయి నిలబడ్డాను.
"కొత్తగా చూస్తున్నావా?" అంది.
నెలనెలా చూస్తున్నదే.

ఇప్పుడు కొత్త మీటర్లు పెట్టారు.
అంకెలు వాటంతటవే ఆఫీసుకి పోతాయట.
"నీ మోకాళ్ళు బతికిపోయాయి పిచ్చేశ్వర్రావూ" అన్నారు ఏఈ గారు.
నిజమే. నవ్వాను కూడా.

ఒకటో తారీకు.
మెడలో మిషను లేదు,
ఒళ్ళు తేలికై నడక కుదర్లేదు.
రుబ్బురోలు మెట్టు మీద కాసేపు కూర్చున్నాను.
నిమ్మతొనల బిళ్ళ ఒకటి నా కోసం, ఒకటి ఆమె కోసం.
"బిల్లేదీ?" అంది సువార్తమ్మ, చేతులు తుడుచుకుంటూ.
గచ్చు మీదికి వంగి
బొగ్గు గీత నుంచి బండ దాకా వేళ్ళు పెట్టి చూశాను.

"పోయిన నెల రీడింగే" అన్నాను.